థాయిలాండ్ మేడమ్ గారు

ఏటా ఏప్రిల్ సగంలో సముద్రం మీద వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని రెండు నెలలపాటు ఒక్క బోటూ కదలకూడదు. ఆ రెండు నెలలూ చేపలకి సుఖమేమో గానీ నాకు కాదు. మా ఆయన బుల్లబ్బాయి ఇంట్లోనే ఉంటాడు. పొద్దున లేచి వలలో కన్నాలు వెతుకుతాడు. అవి కుట్టేశాక నా వంటలో కన్నాలు వెతుకుతాడు. పులుసులో ఉప్పెక్కువంటాడు, అన్నం మెత్తబడిందంటాడు, నేను అమ్ముకొచ్చిన ఎండుచేపలకి ఆ ధరేంటంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేమిద్దరం తిట్టుకున్న తిట్లలో ముప్పాతిక మువ్వీసం వేసవిలో తిట్టుకున్నవే.

అందుకే ఆ ఏడు నిషేధం మొదలవగానే, మా పైగదిలో అద్దెకుంటున్న పిల్ల వచ్చి, "పిన్నీ, మా హేచరీలో పైపులు చూసుకునే మనిషి కావాలంటండి. బాబాయ్‌ని పంపుతారా?" అని అడిగితే, నూకాలమ్మ తల్లే ఆ పిల్ల నోట పలికించింది అనుకున్నాను. ఆయన్ని అడక్కుండానే సరేనన్నాను.

ఆ పిల్ల పేరు లింతోయి. మణిపూర్ పిల్ల. రొయ్యల మీద పెద్ద చదువు చదివి, అంత దూరం నుంచి కాకినాడ పక్కన మా ఉప్పాడ రోడ్డుకి ఉద్యోగానికొచ్చింది. హేచరీ అంటే రొయ్య గుడ్లు పొదిగించి, పిల్లల్ని కాస్త పెంచి, చెరువుల రైతులకి అమ్మే చోటు. ఆ పిల్లలకి జబ్బేమైనా ఉందా, చెరువులో వేస్తే బతికి బట్టకడతాయా అన్నది చూసి చెప్పడం లింతోయి పని. గది చూడ్డానికి వచ్చిన రోజున గుమ్మంలో నిలబడి, "మీ ఇంట్లో ఎండుచేపలు వండుకోనిస్తారా?" అని వచ్చీరాని హిందీలో, భయం భయంగా అడిగింది. అప్పటికే ఊళ్ళో చాలామంది కాదన్నారట. చేపల గంప నెత్తిన పెట్టుకుని బతికేదాన్ని నేను. నన్నా ఆ మాట అడగడం! నవ్వాపుకోలేక ఆ పూటే తాళం చేతిలో పెట్టేశాను.

ఆర్నెల్లు తిరిగేసరికి తెలుగు నేర్చేసింది. నేర్పింది నేనూ, మా వీధీను. మా జిల్లా నీళ్ళు తాగాక ‘అండి’ లేకుండా నోరు తిరగదు కదా, ఆ పిల్లకి అది ఇంకాస్త ఎక్కువే పట్టింది. స్కూటీకి అడ్డం పడుకున్న కుక్కని కూడా "కాస్త తప్పుకోండి" అనేది. నేను ఆ కుక్కని తిట్టే తిట్లు కూడా నేర్చుకుంది గానీ, వాటి చివరా ‘అండి’ పెట్టేది.

ఇక రోజూ పొద్దున్నే ఇద్దరూ బయల్దేరేవారు. ఆ పిల్ల స్కూటీ తోలుతుంటే, మా ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, రెండు క్యారేజీలూ ఒళ్ళో పెట్టుకుని వెనకాల బుద్ధిగా కూర్చునేవాడు. నడిసముద్రంలో తుఫానుకి బెదరని మనిషి, స్పీడ్ బ్రేకరొస్తే కళ్ళు మూసుకునేవాడు. వీధంతా నవ్వేది. నా వంటకి మాత్రం వంకలు పెట్టడం మానేశాడు.

అక్కడి సంగతులు నాకు ఆయన ద్వారానే తెలిశాయి. ఆ పిల్ల చెప్పేది కాదు.

"పనంతా ఈ పిల్లదేనే. పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా ట్యాంకుల చుట్టూ తిరుగుతాది. ఏం చెప్పినా అక్కడోళ్ళు ‘అలాగే మేడమ్’ అంటారు, ఆనక రమేష్ బాబు దగ్గరికెళ్ళి ‘నిజవేనాండి’ అని అడుగుతారు. రమేష్ బాబు ఎవడనుకున్నావు? మేనేజరు. రొయ్యకి తలెటో తోకెటో తెలీదు. ఎనకాల ఈ పిల్లని ‘చైనా’ అంటారు."

"మొహమ్మీదే అంటారా?"

"మొహమ్మీద అనరు. మర్యాదస్తులు కదా" అన్నాడాయన.

మే నెల మొదట్లో ఓ సాయంత్రం హేచరీ ఓనరు శివరామకృష్ణ గారు కారేసుకుని మా ఇంటికొచ్చారు. చేతిలో కాజాల ప్యాకెట్టు. వాళ్ళది మండపేట వైపు రైతు కుటుంబం. మనిషి వెన్నపూస. కూర్చోమంటే కూర్చోరు, మంచినీళ్ళిస్తే రెండు చేతులా అందుకుంటారు.

"మేడమ్ గారూ, తమరు మాకు దొరకడం మా అదృష్టవండి. ఒక్క చిన్న సాయం చేసిపెట్టాలండి" అన్నారు లింతోయితో.

విషయమేంటంటే, రోడ్డుకి అవతల ఉన్న హేచరీవాళ్ళు థాయిలాండ్ నుంచి టెక్నీషియన్ని తెచ్చుకున్నారట. రైతులంతా అటే పోతున్నారట. రొయ్యల విషయంలో థాయిలాండ్ వాళ్ళంటే మన రైతులకి గురి. జూన్ పంటకి రొయ్య పిల్ల బుక్ చేసుకునే రోజులివి. ఈ సీజను పోతే హేచరీ మూసుకోవడమేనట.

"తమర్ని చూస్తే ఎవరైనా థాయిలాండే అనుకుంటారండి. మేము రైతుల మీటింగులు పెడతాం. థాయిలాండ్ నుంచి వచ్చిన మేడమ్ లిన్ గారని పరిచయం చేస్తాం. తమరు నవ్వుతూ నిలబడితే చాలండి."

లింతోయి మొహంలో నవ్వు లేదు. "నేను ఇండియన్ని కదండీ" అంది.

"అయ్యయ్యో, నాకు తెలీదాండి ఆ మాట! మా గుండెల్లో తమరు ఎప్పుడూ ఇండియనేనండి. మైకులో మటుకే థాయిలాండ్."

"నేను అబద్ధం చెప్పనండి."

"తమర్ని చెప్పమంటానాండి? ఎంతమాట! తమరు మీ భాషలో ఏవో నాలుగు ముక్కలు మాట్లాడండి. అది మాకెవరికి తెలుస్తుంది? రమేష్ బాబు తెలుగులో చెప్పుకుంటాడు. తెలుగు మటుకు రానట్టుండండి. సీజనవగానే ల్యాబు ఇన్‌చార్జి తమరే. గుమ్మం మీద తమరి పేరు, తమరి సొంత పేరు, రాయిస్తాను."

అలా దణ్ణం పెట్టి నిలబడిపోయారు. కాదంటే పాపం అనిపించేలా అడగడంలో మా గోదావరి జిల్లాల వాళ్ళని మించినవాళ్ళు లేరు. వేరే ఊరి పేరు చెప్పుకుని తిరిగితే సొంత పేరు బోర్డు మీద రాయిస్తారట, ఇదెక్కడి బేరమో! నా నోటిదాకా వచ్చింది. కానీ ఆ హేచరీకే మా ఆయన కూడా పనికెళ్తున్నాడని మింగేశాను.

ఆయన వెళ్ళాక లింతోయి మెట్ల మీద కూర్చుంది. వాళ్ళ ఊళ్ళో గొడవలు మొదలై ఏళ్ళయినా సద్దుమణగలేదు. పని దొరికే దారి లేదు. వాళ్ళ నాన్న మొయిరాంగ్ దగ్గర పెద్ద సరస్సులో చేపలు పడతాడు. ఉన్నది ఒక్క పడవ. తమ్ముడి చదువు ఈ పిల్ల జీతం మీదే నడుస్తోంది.

"నా భాషే మాట్లాడతాను పిన్నీ. నిజాలే మాట్లాడతాను. అప్పుడు తప్పు కాదు కదండీ?" అని అడిగింది.

మా ఆయన కాజాలన్నీ తినేసి, వేళ్ళు నాక్కుంటూ, "మంచాయనేనే" అన్నాడు.

మొదటి మీటింగు జరిగిన సాయంత్రం నేనెప్పటికీ మర్చిపోను. మా ఆయన నవ్వుకుంటూ లోపలికొచ్చి, ఉత్తరీయంలా తువ్వాలు భుజాన వేసుకుని, మైకు పట్టుకున్నట్టు నా అట్లకాడ పట్టుకున్నాడు.

"చూడు రత్నం. ఈ పిల్ల వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పింది. అప్పుడు రమేష్ బాబు ఏవన్నాడో తెలుసా? ‘రైతు సోదరులారా, చదరపు మీటరుకి నలభై పిల్లకి మించి వెయ్యొద్దంటున్నారండి మేడమ్ గారు!’ అన్నాడు. అందరూ చప్పట్లు."

"నువ్వేం చెప్పావే?" అన్నాను లింతోయితో.

"పిన్ని చందువా చేప పులుసులో పుల్ల మామిడికాయ వేస్తారు, నాలుగు ముక్కలకి మించి వెయ్యరు అని చెప్పేనండి."

నేను పొయ్యి దగ్గరే కూలబడిపోయాను నవ్వలేక.

"ఇంకా విను" అన్నాడు మా ఆయన. "‘థాయిలాండులో మేడమ్ గారికి రెండొందల ఎకరాల చెరువులండి!’"

"మా నాన్నకి ఒక పడవ ఉంది, అడుగున నీళ్ళు కారుతుంది అన్నానండి."

"‘మన పిల్ల వేస్తే పంట పోదని ఆవిడ హామీ అండి!’"

"బాబాయ్ స్కూటీ మీద కళ్ళు మూసుకుంటారు, నాకు బ్రేకు వేయాలంటే భయం అన్నానండి."

మా ఆయనకి నవ్వుతో దగ్గు తెర వచ్చింది. వీపు నిమరాల్సొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. సగం అన్నం అయ్యాక ఆ పిల్ల, ఎవరూ అడక్కుండానే, "నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు పిన్నీ" అంది. కంచం వైపు చూస్తూ అంది. నేను ఆ కంచంలో ఇంకో ముక్క వేశాను.

అలా ఒకటి తర్వాత ఒకటి మీటింగులు జరిగాయి. రైతులు విరగబడ్డారు. కంపెనీ టోపీ పెట్టుకున్న ఆ పిల్ల ఫొటో ఫ్లెక్సీల మీద కొట్టించి రోడ్డు పొడవునా కట్టారు. మా వీధి పిల్లలు ‘థాయిలాండ్ అక్కా’ అని పిలవడం మొదలెట్టారు. చెవులు మెలేశాను గానీ లాభం లేకపోయింది. చేపల బజారులో ఒకావిడ, "మీ ఇంట్లో ఫారిన్ ఆవిడుందంట కదా, కుర్చీల మీదే కూర్చుంటాదా, నేల మీద కూర్చుంటాదా?" అనడిగింది. "గాల్లో కూర్చుంటుంది, వచ్చి చూడు" అన్నాను. కోపం ఆవిడ మీద కాదు. మధ్యాహ్నం అన్నాల వేళ హేచరీలో ఆ పిల్లకి వేరే గదిలో ఏసీ వేసి, బల్లేసి వడ్డిస్తున్నారట. మిగతా ల్యాబు వాళ్ళంతా వరండాలో కబుర్లు చెప్పుకుంటూ తింటారు. ఒక రైతు వచ్చి ఈ పిల్ల తెలుగు మాట్లాడ్డం వినేస్తే కొంప మునుగుతుందని ఈ ఏర్పాటు. గౌరవానికి గౌరవం, వెలికి వెలి.

రోహిణి కార్తె ఎండల్లో ఒకరోజు లింతోయి అన్నం తినకుండా పైకి వెళ్ళిపోయింది. నేను కంచంతో మెట్లెక్కాను. నాలుగో ట్యాంకులో రొయ్య పిల్ల నీరసపడిపోయిందట. రోగం లోపల పట్టింది, చెరువులో వేస్తే నెల తిరక్కుండా పోతాయట. ఆ ట్యాంకు పారబొయ్యమని చెబితే రమేష్ బాబు నవ్వాడట.

"‘మేడమ్, తమరి పని స్టేజీ మీద. ట్యాంకులు మేం చూసుకుంటాం’ అన్నారు పిన్నీ. ఓనరు గారికి చెప్పేను. ఆయన చేతులు జోడించి, ‘సీజన్లో పారబోతలేంటమ్మా, బలం మందు వేయిస్తాను’ అన్నారు. ల్యాబు తాళం కూడా ఈ రోజు రమేష్ బాబు గారు తీసుకున్నారు."

"మరేం చేద్దామని?"

"ఎల్లుండి పెద్ద మీటింగు. అందులో చెప్తాను. నా భాషలో. చేత్తో కూడా చూపిస్తాను, అర్థమవుతుందేమో" అంది. ఇంకాసేపటికి, "భయంగా ఉంది పిన్నీ. ఉద్యోగం పోతే నాన్నకేం చెప్పాలి?" అంది.

ఉద్యోగం ముఖ్యమే, నోరు మూసుకో అని చెప్పే తెలివి నాకు లేదు. చెప్పెయ్యవే అని ఎగదొయ్యడానికి వాళ్ళింటికి నెలనెలా డబ్బు పంపేదాన్ని నేను కాదు. "ముందు రెండు ముద్దలు తిను. ఆకలి మీద ఏ ఆలోచనా మంచిది కాదు" అన్నాను. అన్నం కలిపి నేనే పెట్టాను.

పెద్ద మీటింగు రోజున వంట మాకే అప్పజెప్పారు. నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళం షామియానా పక్కనే పొయ్యిలు పెట్టాం. పండుగొప్ప చేప పులుసు, రొయ్యల ఇగురు, మజ్జిగచారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. ముందు వరసలో తాళ్ళరేవు వైపు చెరువులు చేసే చంద్రరావు గారు కూర్చున్నారు. పెద్ద గొంతు మనిషి. కిందటి పంటలో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి ఆయన చెరువులు ఊడ్చిపెట్టుకుపోయాయి.

"ఈసారి కూడా పోతే చెరువు గట్టు మీద చేపలు ఎండేసుకోడమేనండి ఇంక. అందుకే మేడమ్ గారి నోటితో విందామని వచ్చేను. ఆయ్!" అంటున్నారు పక్కాయనతో.

లింతోయి మైకు ముందు నిలబడింది. ఆ రోజు పులుసు కబుర్లు చెప్పడం లేదని నాకు తెలిసిపోయింది. ఒక్కో ముక్కా విడదీసి, నెమ్మదిగా మాట్లాడింది. నాలుగు వేళ్ళెత్తి అందరికీ చూపించింది. తల అడ్డంగా ఊపింది. చెయ్యి కూడా అడ్డంగా ఊపింది.

రమేష్ బాబు మైకు అందుకున్నాడు. "నాలుగో ట్యాంకు పిల్ల సంగతి చెబుతున్నారండి మేడమ్ గారు. ఇలాంటి పిల్ల థాయిలాండ్‌లో కూడా దొరకదంటున్నారండి!"

"మరి తల అలాగ ఊపేరేంటండీ?" అన్నారు చంద్రరావు గారు.

"అదేనండి. దొరకదు, దొరకదు అని ఊపేరండి."

షామియానా అంతా నవ్వులు. చంద్రరావు గారు కూడా నవ్వి, కుర్చీలో వెనక్కి వాలి, "అయితే నాలుగో ట్యాంకు మొత్తం నాకే రాసెయ్యండి బాబూ" అన్నారు.

లింతోయి ఒకసారి ఆయన వైపు చూసింది. తర్వాత రమేష్ బాబు చేతిలో మైకు మెల్లిగా తీసుకుంది.

"నేను అలా అనలేదండి" అంది.

గొంతు పెంచలేదు. మైకులోంచి ఆ మాట మా పొయ్యిల దాకా వచ్చింది. "నాలుగో ట్యాంకు పిల్ల తీసుకోకండి. దానికి రోగం ఉందండి. చెరువులో వేస్తే బతకదు. నేను అదే చెప్పేనండి, మా భాషలో."

వెనకనించి ఎవరో, "ఓర్నాయనో, థాయిలాండ్‌లో తెలుగు బళ్ళున్నాయేంట్రా!" అన్నారు గానీ ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అమ్మా, తమరిది ఏ ఊరు?" అన్నారు చంద్రరావు గారు.

శివరామకృష్ణ గారు థాయిలాండ్ జెండా కొన్నారు, టోపీ కుట్టించారు, అనువాదం పెట్టించారు. కానీ మా జిల్లాలో మనిషి ఎదురుపడితే మొట్టమొదట ఏం అడుగుతారో మాత్రం మర్చిపోయారు.

"మణిపూర్ అండి. మన దేశమేనండి. థాయిలాండ్ నేనెప్పుడూ చూడలేదండి."

ఒకాయన కోపంగా లేచాడు. "అంటే ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎర్రోళ్ళని చేసేరా?" అని అరిచాడు. అరిచింది ఓనరు మీద కాదు, ఆ పిల్ల మీద. ఇంకో ఇద్దరు వంతపాడారు. మోసం చేసినవాడు తెల్లచొక్కా వేసుకుని పక్కనే ఉన్నా, తిట్టడానికి పరాయి మొహమే సులువు కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె పట్టుకునే షామియానాలోకి వచ్చేశాను.

"ఏవయ్యోయ్! ఆ పిల్ల నోరు మూయించింది ఎవరో, మైకు పట్టుకుని కూసింది ఎవరో కళ్ళకి ఆనడం లేదా? మీ చెరువులు మునిగిపోకుండా చెప్పినందుకా అరుపులు? పరాయిదా! నా ఇంట్లో ఉంటోంది, నా కంచంలో తింటోంది. ఎవడన్నా ఇంకో మాటంటే ఈ పులుసు ఆకుల్లో కాదు, నెత్తిన పోస్తాను!"

శివరామకృష్ణ గారు పరుగెత్తుకొచ్చారు. చేతులు జోడించి నాకూ, రైతులకీ, మైకుకీ కలిపి దణ్ణం పెట్టారు. "ముందు భోజనాలు కానివ్వండి, ముందు భోజనాలు. అన్నం చల్లారిపోతోందండి" అన్నారు. నిజం చెప్పొద్దూ, జనం లేచి భోజనాలకే వెళ్ళారు. పండుగొప్ప పులుసు ముందు న్యాయం అన్యాయం రెండూ కాసేపు ఆగుతాయి.

లింతోయికి ఆయనే స్వయంగా వడ్డించారు. "ఇంకో రెండు ముక్కలు వేసుకోండమ్మా. మొహమాటపడకండి" అన్నారు. పెరుగు వేస్తూ, "రేపట్నుంచి తమరు రెస్టు తీసుకోండమ్మా. చాలా కష్టపడ్డారు మాకోసం" అన్నారు. మా జిల్లాలో ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా మారు పెరుగు వేస్తారు. ఆ పిల్ల "అలాగేనండి" అని, ఆకులో అన్నం అంతా తిని, చెయ్యి కడుక్కుని లేచింది. కంట్లో చుక్క నీరు లేదు.

సాయంత్రం మా ఆయన ఆ స్కూటీ వెనకాలే, ఖాళీ క్యారేజీలతో వచ్చి దిగాడు. "నేనూ మానేశానే" అన్నాడు.

"నిన్నెవరు పొమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు. మరి రేపట్నుంచి బండెవరు తోలతారు?" అన్నాడు. ఆ మనిషి మీద నాకు పెళ్ళయిన కొత్తలో ఉన్నంత ఇష్టం కలిగింది. పైకి మాత్రం, ఇంట్లో కూర్చుని వంటకి వంకలు పెడితే ఊరుకోనని చెప్పాను.

తర్వాత రోజులు మెల్లిగా, చేదుగా గడిచాయి. లింతోయి ఫోను పట్టుకుని ఉద్యోగాలు వెతికేది. కొన్నాళ్ళకి నెల్లూరు వైపు హేచరీ నుంచి ఫోనొచ్చింది. బాగానే మాట్లాడారు, జీతం కూడా ఎక్కువే. చివర్లో, "నార్త్ ఈస్ట్ కదమ్మా, మా రైతుల ముందు వియత్నాం అని చెప్పుకోవచ్చు, మీకేమన్నా ఇబ్బందా?" అన్నారట. "ఇబ్బందేనండి" అని పెట్టేసింది. కిందికొచ్చి ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ప్రపంచంలో ఏ ఊరైనా పర్వాలేదు వీళ్ళకి, నీ ఊరు తప్ప" అన్నాను.

ఊరెళ్ళిపోతానని అనలేదు గానీ పెట్టెలో బట్టలు సర్దడం చూశాను. చూసి, చూడనట్టు దిగొచ్చాను. కూతుళ్ళు లేనిదాన్ని. ఆ గది ఖాళీ అయితే ఎలాగుంటుందో ఊహించుకోవడం నావల్ల కాలేదు. ఆ పిల్ల మీద నాకు ఇంత ప్రేముందని అప్పటిదాకా నాకే తెలీదు.

జూన్ సగంలో నిషేధం ఎత్తేశారు. మా ఆయన బోటెక్కి వెళ్ళాడు. ఆ మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు ఒక వ్యాను ఆగింది. చంద్రరావు గారు దిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేనట్టుంది.

"మణిపూర్ మేడమ్ గారు ఇక్కడేనాండి ఉండేది?"

పిలిచాను. లింతోయి జుట్టు ముడేసుకుంటూ కిందికి దిగింది.

"వ్యానులో రొయ్య పిల్ల ఉందమ్మా. శివరామకృష్ణ గారి హేచరీదే. మా బంధువు మధ్యలో ఉన్నాడు, కాదనలేకపోయేను. నాలుగో ట్యాంకు కాదు, వేరే ట్యాంకు అన్నారు. రమేష్ బాబు తన కన్నబిడ్డల మీద ఒట్టేసేడు. వాడు ఒట్టేసేసరికి నాకు మరీ బెంగ పట్టుకుందండి. చెరువుకి తీసుకెళ్ళేముందు తమరు ఒక్కసారి చూస్తే..."

"నేను ఇప్పుడు అక్కడ చెయ్యడం లేదండి."

"తెలుసమ్మా. అందుకే వచ్చేను."

ఆ పిల్ల నన్ను తెల్ల బేసిన్ అడిగింది. వ్యానులోంచి ఒక ప్లాస్టిక్ సంచి దించి విప్పి, నీళ్ళతో సహా పిల్లల్ని అందులో పోసింది. వెంట్రుకల్లాంటి రొయ్య పిల్లలు. చేత్తో నీళ్ళు గుండ్రంగా తిప్పి వదిలేసింది. "బలమున్న పిల్ల సుడికి ఎదురీదుతుందండి. నీరసంగా ఉన్నది నీళ్ళతో పాటే తిరిగి మధ్యలో పోగుపడుతుంది" అని చెప్పింది. ముగ్గురం వంగి చూశాం. నల్లటి పోగు మధ్యలో చేరింది. చిన్న భూతద్దంతో వాటి కడుపులు చాలాసేపు చూసింది.

"ఇంకో సంచి దించండి. ఒక్క సంచి చూసి చెప్పకూడదు" అంది. అదీ చూసింది. మూడోదీ చూసింది. వ్యాను డ్రైవరు ఎండెక్కిపోతోందని గొణుగుతున్నాడు. నాకు మాత్రం, పిల్ల బాగుందని చెప్పేస్తే ఎవరికీ తంటా ఉండదు కదా, లేకపోతే పగబట్టి చెప్పిందంటారేమో అని లోపల పీకుతూనే ఉంది.

లింతోయి చేతులు తుడుచుకుని నిలబడింది. "వెయ్యొద్దండి" అంది.

చంద్రరావు గారి మొహం వాడిపోయింది. "ఇంకోసారి ఆలోచించి చెప్పమ్మా. చెరువులు నీళ్ళెట్టి సిద్ధంగా ఉన్నాయి. వీటికోసం ఊళ్ళో అందరితోటీ మాట పడ్డాను."

"మా నాన్న చెరువైతే వెయ్యనివ్వనండి."

ఆయన పైకండువాతో మొహం తుడుచుకున్నారు. బేసిన్ వైపు ఇంకోసారి చూశారు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "బండి వెనక్కి తిప్పు. హేచరీకి పట్టుకుపో" అన్నారు.

"రమేష్ బాబు గారు ఊరుకోరండి. ఎవరు వద్దన్నారని చెప్పమంటారు?"

"మేడమ్ గారు వద్దన్నారని చెప్పు."

"ఏ మేడమ్ గారండి?"

చంద్రరావు గారు ఆగారు. ఇబ్బందిగా లింతోయి వైపు చూసి, "క్షమించమ్మా, పేరు అడగనేలేదు" అన్నారు.

"లైష్రమ్ లింతోయి అండి. లైష్రమ్ ఇంటిపేరండి. మాకూ ఇంటిపేరు ముందే వస్తుంది."

ఆయన ఆ పేరు రెండుసార్లు నోట్లో తిప్పుకున్నారు. ఆ తర్వాత వీధి చివరిదాకా వినిపించే ఆ పెద్ద గొంతుతో, "లైష్రమ్ లింతోయి గారు వద్దన్నారని చెప్పు!" అన్నారు.

డ్రైవరు తలూపి బండెక్కాడు. వ్యాను మా సందులో అటూ ఇటూ నానా తిప్పలూ పడి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అది మలుపు దాటేదాకా లింతోయి నిలబడే ఉంది. దాటాక మా గుమ్మంలో చతికిలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. "ఎందుకే పిచ్చిపిల్లా, ఎందుకే" అంటూ వీపు నిమురుతున్నాను గానీ నాకూ కళ్ళు కనిపించడం లేదు.

చంద్రరావు గారు మాత్రం వెళ్ళలేదు. వీధిలో ఎండలోనే నిలబడి ఉన్నారు. మంచి రొయ్య పిల్ల ఎక్కడ దొరుకుతుందో లింతోయి గారిని అడగాలి ఆయన. ఆవిడ ఏడుపు అయ్యేదాకా, మర్యాదస్తుడు కదా, తొందరపెట్టకుండా కాచుకుని ఉన్నారు.